మెడికల్ అసిస్టెంట్ కోర్సు: ఫీజు కట్టేముందు అడగాల్సింది

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు హెచ్4 ఈఏడీ (హెచ్1బీ వీసాదారుల జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి) వచ్చింది. పన్నెండేళ్ల కిందట గుంటూరులో బీఎస్సీ మైక్రోబయాలజీ చదివాను, ఉద్యోగం మాత్రం చేయలేదు. ఇప్పుడు నాలుగు నెలల ఆన్‌లైన్ మెడికల్ అసిస్టెంట్ (క్లినిక్‌లో డాక్టర్‌కి సాయపడే ఉద్యోగి) కోర్సులో చేరదామని ఉంది. సూదులంటే భయం లేదు. పేషెంట్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని హిస్టరీ, అంటే జబ్బు, మందులు, అలర్జీల వివరాలు అడిగి రాసుకోవాలంటేనే టెన్షన్. నా ఇంగ్లిష్‌తో నెగ్గుకురాగలనా?

జవాబు: అమ్మా, మీరు భయపడాల్సిన చోటే భయపడుతున్నారు. ఈ కోర్సు గురించి నన్ను అడిగేవాళ్లలో ఎక్కువమంది రక్తం తీయడం, ఇంజక్షన్ చేయడం గురించే అడుగుతారు. అవి నలుగురికి చేస్తే చెయ్యి తిరుగుతుంది. హిస్టరీ అలా పట్టుబడదు. 1975లో బ్రిటన్‌లో 80 మంది కొత్త ఔట్‌పేషెంట్ల మీద ఒక అధ్యయనం జరిగింది. రిఫరల్ లెటర్ (పేషెంట్‌ని పంపిన డాక్టర్ రాసిన ఉత్తరం) చదివి, హిస్టరీ విన్నాక డాక్టర్లు అనుకున్న జబ్బే 66 మందిలో చివరికీ నిలిచింది. అక్కడ హిస్టరీ తీసుకున్నది డాక్టర్లే. కానీ మీరు పనిచేయబోయే క్లినిక్‌లో డాక్టర్ గదిలోకి వచ్చేసరికి స్క్రీన్ మీద ఉండేది మీరు రాసిందే.

మా అమ్మ అమెరికా వచ్చినప్పుడు ఒక క్లినిక్‌లో జరిగింది చెబుతాను. మెడికల్ అసిస్టెంట్ కంప్యూటర్ వైపే చూస్తూ "ఎనీ అలర్జీస్?" అంది. అమ్మ "నో" అంది. అమ్మ దృష్టిలో అలర్జీ అంటే దుమ్ముకి తుమ్ములు రావడం. ఎప్పుడో సల్ఫా మాత్రలు (ఒక రకం యాంటీబయాటిక్) వేసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు లేచి రెండ్రోజులు ఆస్పత్రిలో ఉన్న సంగతి కూడా అందులోకే వస్తుందని ఆవిడకి తట్టలేదు. పక్కన నేనున్నాను కాబట్టి సరిపోయింది. "ఏదైనా మందు వేసుకున్నాక దద్దుర్లు వచ్చాయా? మొహం వాచిందా? ఊపిరాడలేదా?" అని అడిగి ఉంటే అమ్మే చెప్పేది. ఏ మందు, వేసుకుంటే ఏమైంది, రెండూ రాయాలి. కడుపులో తిప్పడం వేరు, గొంతు వాయడం వేరు.

మందుల విషయమూ అంతే. "ఏమైనా వాడుతున్నారా?" అంటే లేదంటారు. సంచి తెప్పిస్తే బీపీ మాత్రలు, మోకాళ్ల నొప్పులకి ఆయుర్వేదం, ఇండియా నుంచి తెచ్చుకున్న డోలో స్ట్రిప్పులు బయటపడతాయి. డోలోలోని పారాసిటమాల్‌నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్‌లో ఉండేది అదే. పేర్లు వేరు కదా అని రెండూ వేసుకునేవాళ్లు ఉంటారు. మోతాదు మించితే దెబ్బతినేది కాలేయం.

ఇంకో ముఖ్యమైన సంగతి. మీరు రాయాల్సింది పేషెంట్ చెప్పింది, మీకు అనిపించింది కాదు. మన పెద్దాయన ఎవరో "గుండెల్లో మంటగా ఉంది" అన్నారనుకోండి. మీరు హార్ట్‌బర్న్ అని రాసేస్తే అది గ్యాస్ అని మీరే తేల్చేసినట్టు. ఛాతీలో మంట, ఎక్కడ, ఎప్పట్నుంచి, నడిస్తే పెరుగుతోందా, చెమటలు పడుతున్నాయా, ఇవి రాయండి. అసలు అలాంటి మాట వినగానే ఫారం పక్కనపెట్టి నర్సుకో డాక్టర్‌కో చెప్పాలి. జబ్బు తేల్చడం, సలహా ఇవ్వడం మెడికల్ అసిస్టెంట్ పని కాదు. ఈ హద్దు నేర్పని కోర్సు నా దృష్టిలో కోర్సే కాదు.

మీ ఇంగ్లిష్ గురించి అంత బెంగ వద్దు. నిదానంగా అడిగి, వాళ్లు చెప్పింది మళ్లీ వాళ్లకే చదివి వినిపించండి. తప్పుంటే వాళ్లే సరిచేస్తారు. తెలుగు రావడం మీకు ప్లస్సే, కానీ వచ్చు కదా అని మీ అంతట మీరే డాక్టర్‌కి దుబాసీగా నిలబడకండి. వైద్యపరమైన అనువాదానికి అర్హత ఉన్నవాళ్లనే పెట్టాలని ఇక్కడ నిబంధన ఉంది. క్లినిక్‌ని అడిగి, ఆ అర్హత తెచ్చుకున్నాకే చేయండి.

ఇక కోర్సు. టెక్సస్‌లో మెడికల్ అసిస్టెంట్‌కి ప్రభుత్వ లైసెన్స్ అక్కర్లేదు, కానీ చాలా క్లినిక్‌లు సర్టిఫికేషన్ అడుగుతాయి. సీఎంఏ (సర్టిఫైడ్ మెడికల్ అసిస్టెంట్) పరీక్షకి మామూలు దారి, గుర్తింపు ఉన్న ప్రోగ్రామ్ పూర్తిచేయడం. కమ్యూనిటీ కాలేజీల్లో చూడండి. చిన్న కోర్సులు చేసినవాళ్లు ఎక్కువగా సీసీఎంఏ (సర్టిఫైడ్ క్లినికల్ మెడికల్ అసిస్టెంట్) పరీక్ష రాస్తారు, అదీ చాలాచోట్ల చెల్లుతుంది. ఏది ఎంచుకున్నా ఫీజు కట్టేముందు ఇవి అడగండి: ఎక్స్‌టర్న్‌షిప్ (క్లినిక్‌లో చేసే శిక్షణ) ఎన్ని గంటలు, క్లినిక్ ఎవరు చూపిస్తారు, నేను హిస్టరీ తీసుకుంటుంటే పక్కన నిలబడి తప్పులు చెప్పేదెవరు? గట్టి ప్రోగ్రామ్‌లలో ఎక్స్‌టర్న్‌షిప్ కనీసం 160 గంటలు ఉంటుంది. "క్లినిక్ మీరే వెతుక్కోండి" అన్నారంటే ఆ కోర్సు వద్దు. వీడియోలు చూసి హిస్టరీ తీసుకోవడం రాదమ్మా.

జీతం విషయానికొస్తే, 2023 ప్రభుత్వ లెక్కల్లో మధ్యస్థ వేతనం ఏడాదికి సుమారు 42 వేల డాలర్లు. మీ ఈఏడీ గడువు తేదీని కోర్సు ముగిసే తేదీ పక్కన పెట్టి చూసుకోండి. దీన్నుంచి నేరుగా నర్సింగ్‌లోకి వెళ్లొచ్చని ఎవరైనా అంటే నమ్మకండి, నర్సింగ్ కోర్సు విడిగా చదవాల్సిందే.

ఈలోగా ఒక పని చేయండి. ఈసారి ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు మీ అమ్మగారు వాడే మందులన్నీ రాయండి: పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకెన్ని, దేనికి, ఎప్పట్నుంచి. ముందు ఆవిడ నోటితో చెప్పింది రాసి, తర్వాత స్ట్రిప్పులు కెమెరాకి చూపించమనండి. రెంటికీ ఎన్నిచోట్ల తేడా వచ్చిందో నాకు మెయిల్ చేయండి. ఎక్కడ ఎలా అడిగి ఉండాల్సిందో అప్పుడు మాట్లాడుకుందాం.