మూడోసారి కూడా అడుగు

చిరంజీవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. డిగ్రీ పూర్తయ్యాక ల్యాబ్‌లోనే ఉండనా, టీవీకి సైన్స్ డాక్యుమెంటరీలు తీసే పనిలోకి వెళ్లనా అని అడిగావు. వెళ్లమనీ చెప్పను, వద్దనీ చెప్పను. మేం రోజూ ఏం చేస్తామో చెప్తాను, నచ్చుతుందో లేదో నువ్వే చూసుకో.

డైరెక్టర్ అంటే ఎప్పుడూ కెమెరా పక్కనే ఉంటాడనుకోకు. ఏడాది పాటు చేసిన ఎపిసోడ్‌కి నేను షూటింగ్ చేసింది నాలుగు వారాలు. మిగతా కాలమంతా పేపర్లు చదవడం, అనుమతుల కోసం మెయిళ్లు పెట్టడం, ఎడిటింగ్ గదిలో కూర్చోవడం. చాలామందిలాగే నువ్వూ ముందు రీసెర్చర్‌గా చేరతావు. అది చిన్న పని అనుకోకు. ఏ శాస్త్రవేత్త కెమెరా ముందు బాగా మాట్లాడతారో, ఏ ప్రయోగం కంటికి కనిపిస్తుందో ముందుగా పసిగట్టేది వాళ్లే.

ఇక డైరెక్టర్ తెర మీద ఏం కనిపించాలో చూసుకుంటే, డబ్బుకీ గడువుకీ చెప్పిన ప్రతి మాటకీ ప్రొడ్యూసర్ జవాబుదారీ. చిన్న టీముల్లో రెండూ ఒకరి నెత్తినే పడతాయి. అప్పుడు నీలోని డైరెక్టర్ ఇంకో రోజు షూటింగ్ కావాలంటుంటే, నీలోని ప్రొడ్యూసర్ కుదరదనాలి. ఆ మాట అనడం నేర్చుకోవడానికి నాకు పదేళ్లు పట్టింది.

నీకు చదువుంది కాబట్టి నీకో ప్రమాదం కూడా ఉంది. ఎదుటివాళ్లు చెప్తుంటే తల ఊపేస్తావు.

ఒకసారి డీఎన్ఏ మీద పనిచేసే ఒకాయన్ని ఇంటర్వ్యూ చేశాను. నలభై నిమిషాలు సెమినార్‌లో మాట్లాడినట్టే మాట్లాడారు. అర్థం కాలేదన్నాను, ఇంకాస్త నెమ్మదిగా అదే చెప్పారు. నాకు సిగ్గేసింది. అయినా మళ్లీ అర్థం కాలేదన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, టేబుల్ మీదున్న ఛార్జర్ వైరు తీసి ఒక కొస నా చేతికిచ్చారు. రెండో కొసని మెలి తిప్పుతూ పోయారు. తర్వాత మా చేతులు దగ్గరికి తెచ్చేసరికి వైరు తనలో తనే చుట్టుకుపోయింది. "కణం డీఎన్ఏని విప్పేటప్పుడు ముందున్న భాగంలో మెలి ఇలాగే బిగుస్తుంది. దారాన్ని కోసి, మెలి వదిలించి, మళ్లీ అతికించే ఎంజైములున్నాయి. నేను ఇన్నేళ్లూ చూస్తున్నది వాటినే" అన్నారు. కెమెరామన్ అప్పటికే సర్దేస్తూ, గబగబా మళ్లీ ఆన్ చేశాడు. ఆ షాట్‌లో మొదటి రెండు సెకన్లు ఫోకస్ లేదు. అయినా అదే వేశాం. ముందు తీసిన నలభై నిమిషాల్లోంచి ఒక్క వాక్యం కూడా వాడలేదు.

ఓపిక సంగతి కూడా విను. రోజుల తరబడి జరిగేదాన్ని క్షణాల్లో చూపించడాన్ని టైమ్‌లాప్స్ అంటాం. పది నిమిషాలకో ఫ్రేము చొప్పున మొలకని అలా తీస్తే రోజుకి 144 ఫ్రేములు. సెకనుకి 25 వేస్తే తెర మీద ఆరు సెకన్లు కూడా రాదు. ఒకసారి నాలుగో రోజు రాత్రి గదిలోంచి బయటికొస్తూ అలవాటు కొద్దీ లైటు ఆర్పేశాను. తెల్లారేసరికి మొలక కిటికీ వైపు వంగిపోయి ఉంది! ఎవరికీ తెలియకుండా ఆ ముక్క కత్తిరించి అతికించేయొచ్చు. కొత్త విత్తనంతో మళ్లీ మొదలుపెట్టాం. వారం పోయింది, ప్రొడ్యూసర్‌గా నన్ను నేనే తిట్టుకున్నాను.

1958లో వచ్చిన 'వైట్ వైల్డర్నెస్' అనే డాక్యుమెంటరీ సంగతి తెలుసా? లెమ్మింగులనే చిన్న జంతువులు గుంపుగా నీళ్లలోకి దూకి ఆత్మహత్య చేసుకుంటాయని చూపించారు. అసలు అవి వేరే చోటి నుంచి తెచ్చినవి, కొండ అంచు నుంచి నీళ్లలో పడేలా చేసింది మనుషులు. ఆ సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ అబద్ధాన్ని ఇప్పటికీ నమ్మేవాళ్లున్నారు.

అలాగని సెట్ వేయడమే తప్పని కాదు. నేల కింది పుట్టలో జరిగేది చూపించాలంటే గాజు గోడ పెట్టాల్సిందే. అదేమిటో ప్రేక్షకుడికి చెప్పు, చాలు. జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పంపేవి ఎక్కువగా ఇన్‌ఫ్రారెడ్ చిత్రాలు, కంటికి కనిపించని ఆ కాంతికి రంగులు తర్వాత మనుషులు ఇచ్చినవి. అదీ ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. (శూన్యంలో రాకెట్‌కి హోరు శబ్దం నేనూ ఒకసారి పెట్టాను. ఎక్కడో చెప్పను.)

స్క్రిప్టులో ప్రతి వాక్యం పక్కనా అది ఎక్కడ దొరికిందో రాసుకో. 'మొట్టమొదటి', 'నిరూపించారు' లాంటి మాటలు కనిపిస్తే పెన్ను ఆపు. బొమ్మ చెప్పేస్తున్న చోట వ్యాఖ్యానం తీసెయ్. ప్రాజెక్టుకీ ప్రాజెక్టుకీ మధ్య పని లేని నెలలుంటాయి, టెన్షన్ తప్పదు. కాస్త డబ్బు వెనకేసుకో.

ఈ నెలలో ఒక పని చెయ్. మీ ల్యాబ్‌లో ఎవరినైనా పట్టుకుని, వాళ్లు చేస్తున్నదేమిటో ఫోన్‌లో తీయి. దాన్ని మూడు నిమిషాలకి ఎడిట్ చెయ్. కానీ నాకు పంపాల్సింది అది కాదు, మొత్తం ఫుటేజ్. నువ్వు ఎక్కడెక్కడ తల ఊపావో నేను చూడాలి.

మీ పెద్దమ్మ