పే స్లిప్ లేకుండా అద్దె ఇల్లు

ప్రశ్న: నేను సొంతంగా అనువాదాలు చేస్తూ జీవిస్తున్నాను. ఒక నెల రాబడి బాగుంటుంది, మరో నెల దాదాపు ఏమీ ఉండదు. ఫ్లాట్ కోసం వెళితే యజమానులు పే స్లిప్ అడుగుతున్నారు. ఏం చూపించాలి?

జవాబు: యజమాని అడిగేది పే స్లిప్పే అయినా, ఆయన తెలుసుకోదలచింది అద్దె నెలనెలా అందుతుందా లేదా అన్నదే. అందుచేత గత 2 సంవత్సరాల ఆదాయపు పన్ను రిటర్నులనూ, 12 నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లనూ దగ్గర పెట్టుకొని, పని తాలూకు జమలను మాత్రమే పెన్సిలుతో గుర్తించి, వృత్తి ఖర్చులు పోగా మిగిలినదాన్ని 12తో భాగించి, ఆ సగటును ఒక కాగితంపై రాసి అన్నిటికీ పైన జతచేయండి. మీ ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మార్చుకున్న సొమ్మును రాబడిగా కలపకండి. రిటర్నులోని నికర ఆదాయంతో అంకె పొసగకపోతే అనుమానం అక్కడే మొదలవుతుంది. చేతిలో పని ఒప్పందాలుంటే అవీ చూపవచ్చు.

ఇంకా సందేహిస్తే, స్థిరమైన జీతం ఉన్న బంధువుల చేత హామీ ఇప్పించండి. కొన్ని నెలల అద్దె ముందుగా కట్టేస్తామనడం నా దృష్టిలో చివరి మార్గం, ఎందుకంటే రాబడి లేని నెలల్లో మిమ్మల్ని గట్టెక్కించేది ఆ నిల్వే. తప్పనిసరై కడితే, అది ఏయే నెలల అద్దెకు చెల్లుతుందో ఒప్పందంలో రాయించి, రసీదు తీసుకోండి.