క్లబ్‌లో నడిచిన లోకో ఇంట్లో జెఫిర్ మీద కదలట్లేదంటే

మోడల్ రైళ్ల క్లబ్‌లో ఎన్‌సీఈ కంట్రోలర్ మీద 0072 నంబరుతో బాగా నడిచిన హెచ్‌ఓ సైజు డీజిల్ లోకో ఇంట్లో డిజిట్రాక్స్ కంపెనీ జెఫిర్ కంట్రోలర్ మీద 72 కొడితే ఉలకట్లేదు, డీకోడర్ (లోకో లోపల ఆదేశాలు అందుకుని మోటార్‌ని, లైట్లని నడిపే బోర్డు) కాలిపోయిందా అని అడిగారు. కాలిపోయి ఉండదు. అడ్రస్ (లోకోని పిలిచే నంబరు) తేడా అయి ఉంటుంది.

రెండూ డీసీసీ (పట్టాల ద్వారానే లోకోలకి డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) సిస్టమ్‌లే, పట్టాల్లోకి వెళ్లే సిగ్నల్ ఒకటే. కాకపోతే అడ్రస్‌లు షార్ట్, లాంగ్ అని రెండు రకాలు. ఎన్‌సీఈలో ముందు సున్నా పెడితే 72 కూడా లాంగ్ అడ్రస్ అయిపోతుంది. డిజిట్రాక్స్‌కి 1 నుంచి 127 దాకా అన్నీ షార్టే, లాంగ్ 128 నుంచి మొదలవుతుంది. అంటే మీ డీకోడర్ లాంగ్ 72 కోసం చూస్తోంటే, జెఫిర్ షార్ట్ 72ని పిలుస్తోంది.

లోకోని ప్రోగ్రామింగ్ ట్రాక్ (సెట్టింగులు మార్చడానికి విడిగా ఉంచే పట్టా) మీద పెట్టి సీవీ29 చదవండి. సీవీ అంటే డీకోడర్‌లో నంబరుతో ఉండే ఒక్కో సెట్టింగు. 34 గానీ 38 గానీ వస్తే అందులో 32 లాంగ్ అడ్రస్‌ది. ఆ 32 తీసేసి 2 లేదా 6 రాయండి, సీవీ1లో 72 రాయండి. ఇక జెఫిర్‌లో 72కి పలుకుతుంది. క్లబ్‌లో మాత్రం ఇకనుంచి సున్నాలు లేకుండా 72 అనే కొట్టాలి. రెండు చోట్లా గొడవ లేకుండా ఉండాలంటే, నా మాట విని 3 నుంచి 99 లోపు షార్ట్ గానీ, 128 నుంచి 9983 లోపు లాంగ్ గానీ ఎంచుకోండి. 100–127 జోలికి పోకండి. లెంజ్ అనే ఇంకో డీసీసీ కంపెనీ వాటిని లాంగ్ అంటుంది, మిగతా రెండూ షార్ట్ అంటాయి.

లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, బండి మాత్రం కదలట్లేదా? అయితే అది వేరే సంగతి, సీవీ19 చూడండి. ఎన్‌సీఈలో రెండు మూడు లోకోలు జత కలిపితే ఆ కన్సిస్ట్ నంబరు డీకోడర్‌లోనే ఉండిపోతుంది. జత విడదీయకుండా ఇంటికి తెచ్చుకుంటే సొంత అడ్రస్‌లో వచ్చే స్పీడ్ కమాండ్‌ని అది పట్టించుకోదు. సీవీ19లో 0 రాస్తే సరి. సెకండ్‌హ్యాండ్ లోకో కొన్నప్పుడు నేను ముందు చూసేది ఇదే.

సీవీ చదివేటప్పుడు లోకో ఉన్నచోటే చిన్నగా తుళ్లుతుంది. డీకోడర్ మోటార్‌ని ఒక్క క్షణం తిప్పి, సుమారు 60 మిల్లీఆంపుల పల్స్‌తో జవాబిచ్చే పద్ధతి అది. తుళ్లు కనిపించకపోతే చక్రాలు, పట్టాలు తుడవండి. సౌండ్ డీకోడర్లు, అందులోనూ కీప్ అలైవ్ కెపాసిటర్ (కరెంటు తెగినా కాసేపు నడిపించేది) ఉన్నవి, తక్కువ కరెంటిచ్చే ప్రోగ్రామింగ్ ట్రాక్ మీద చాలాసార్లు చదవనివ్వవు. అయినా రాసింది సాధారణంగా ఎక్కుతుంది. రాసి, మెయిన్ ట్రాక్ మీద నడిపి చూడండి.

స్పీడ్ పెంచుతుంటే హెడ్‌లైట్ ఒక స్టెప్‌కి వెలిగి, తర్వాతి దానికి ఆరిపోతోందా? బల్బు జోలికి వెళ్లకండి. సిస్టమ్ స్పీడ్‌ని 28 స్టెప్పుల లెక్కన పంపుతోంటే డీకోడర్ 14 స్టెప్పుల లెక్కలో ఉంది. సీవీ29కి 2 కలపండి. అందులో 4 మాత్రం డీసీ (డీసీసీ లేని మామూలు కరెంటు) నడకకి. డీసీసీ మీదే నడిపేవాళ్లు అది తీసేస్తే మంచిది, లేకపోతే సిగ్నల్ తడబడినప్పుడు బండి ఒక్కోసారి ఫుల్ స్పీడ్‌లో పరుగెత్తుతుంది.

లోకోతోపాటు థ్రాటిల్ (చేతిలో పట్టుకునే కంట్రోలర్) కూడా పట్టుకెళ్తానంటే కుదరదు. థ్రాటిల్‌ని సిస్టమ్‌కి కలిపే లైను డిజిట్రాక్స్‌ది లోకోనెట్, ఎన్‌సీఈది క్యాబ్ బస్. ప్లగ్ పట్టినా మాటలు కలవవు.

ఇక మార్క్లిన్ కంపెనీ త్రీ-రైల్ (రెండు పట్టాల మధ్యలో కరెంటుకి ఇంకో లైను ఉండే పద్ధతి) లోకో చవగ్గా దొరికిందని తెచ్చి మీ టూ-రైల్ ట్రాక్ మీద పెట్టకండి. దాని రెండువైపుల చక్రాలకీ మధ్య ఇన్సులేషన్ ఉండదు, పెట్టీ పెట్టగానే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. అక్కడ ఏ సీవీ మార్చినా ఉపయోగం లేదు.