కారు అమ్మే ముందు కరెంటు ఎక్కడ పోతోందో చూడండి

కొత్త బ్యాటరీ వేయించినా రెండు రోజులు కదపకపోతే కారు స్టార్ట్ కావడం లేదని, దాన్ని అమ్మేసి 8 శాతం ఫ్లాట్ వడ్డీకి 6 లక్షల అప్పుతో మరొకటి కొనమంటున్నారని రాశారు. దయచేసి తొందరపడకండి.

ఇంజన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ వద్ద సుమారు 14 వోల్టులు కనిపిస్తే ఛార్జింగ్ సాధారణంగా సరిగానే ఉన్నట్టు. తరువాత ఇంజన్ ఆపి, నెగటివ్ కేబుల్ విప్పి, ఆ కేబులుకూ టెర్మినలుకూ మధ్య మల్టీమీటరును (కరెంటును, వోల్టేజీని కొలిచే మీటరు) 10 ఆంపియర్ల రేంజిలో కలిపి, తలుపులు మూసి, లోపలి కంప్యూటర్లు నిద్రలోకి జారేందుకు అరగంట ఆగండి. అప్పుడు 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే భయం లేదు. 400 ఉంటే మాత్రం రెండు రోజుల్లో 19 ఆంపియర్-అవర్లు, అంటే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ అవుతుంది. ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీస్తూ పోతే, ఏది తీసినప్పుడు రీడింగ్ పడిపోతుందో తప్పు ఆ సర్క్యూట్‌లోనే ఉంటుంది. బయటి షాపులో బిగించిన స్టీరియో, డ్యాష్‌క్యామ్, ట్రాకర్‌లను నేనైతే ముందుగా అనుమానిస్తాను. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే ఇంజన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌లోని డయోడును పరీక్షించమనండి. మీటరు కలిపి ఉండగా ఇంజన్ స్టార్ట్ చేయవద్దు, మీటరు ఫ్యూజు కాలిపోతుంది.

ఇక అప్పు సంగతి. ఫ్లాట్ పద్ధతిలో మీరు అసలు తీరుస్తున్నా వడ్డీ మొదటి 6 లక్షల మీదే లెక్కిస్తారు కనుక, ఐదేళ్లకు 2.4 లక్షల వడ్డీ, నెలకు 14,000 కిస్తీ పడతాయి. తగ్గే బాకీ మీద లెక్కిస్తే అది 14 శాతం దాటిన వడ్డీ. బ్యాంకు చెప్పే రేటుతో పోల్చవలసింది ఈ 14నే.