బిళ్లలు వేస్తూనే ఉన్నా పూల్ ఎందుకు పచ్చబడుతోంది?

ఇంటి ఈతకొలను నీళ్ల గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా పూల్ 28 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు, సగటు లోతు నాలుగున్నర అడుగులు. ఏడాదిన్నరగా తేలే డబ్బాలో క్లోరిన్ బిళ్లలు వారానికి మూడు వేస్తున్నాం. పరీక్షిస్తే క్లోరిన్ 3 చూపిస్తోంది. అయినా గోడలకు నాచు పట్టి జారుతున్నాయి. బిళ్లలు పెంచమంటారా? – మొయినాబాద్

జవాబు: పెంచకండి. మీ పూల్‌ను పాడు చేస్తున్నవి ఆ బిళ్లలే.

ముందు నీళ్లెన్నో తేల్చుకుందాం. 28 × 14 × 4.5 అంటే 1,764 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 50,000 లీటర్లు. ఈ శీర్షికలో చెప్పే మోతాదులన్నీ ఈ లెక్కకే. మిగతావారు తమ కొలతకు తగ్గట్టు మార్చుకోవాలి.

మీరు వేస్తున్నవి టీసీసీఏ 90 (ట్రైక్లోరో ఐసోసయాన్యూరిక్ యాసిడ్, 90 శాతం క్లోరిన్ బలం) బిళ్లలు. 200 గ్రాముల బిళ్ల కరిగితే మీ నీళ్లలో 3.6 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) క్లోరిన్‌తో పాటు 2.2 పీపీఎం సయాన్యూరిక్ యాసిడ్ కూడా చేరుతుంది. క్లోరిన్ ఎండకీ మురికికీ ఖర్చయిపోతుంది. సయాన్యూరిక్ మాత్రం ఆవిరి కాదు, ఫిల్టర్‌లో చిక్కదు, ఉన్నచోటే పేరుకుంటుంది. బ్యాక్‌వాష్‌లో (నీళ్లను వెనక్కి పంపి ఫిల్టర్ కడగడంలో) పోయింది తీసేసినా మీ వాడకానికి ఆర్నెల్లలో 100 దాటుతుంది.

అది అసలు ఉండకూడదని కాదు. అది లేకపోతే నడినెత్తి ఎండలో గంట తిరక్కుండానే సగం క్లోరిన్ పోతుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే మంచిది. అంతకు మించితే క్లోరిన్‌ను పట్టేసుకుని పని చేయనివ్వదు. అందాజుగా, క్లోరిన్ ఎప్పుడూ సయాన్యూరిక్‌లో 7.5 శాతానికి తగ్గకూడదు. సయాన్యూరిక్ 40 ఉంటే 3 సరిపోతుంది, 120 ఉంటే 9 కావాలి. మీ 3 ఎందుకు చాలడం లేదో ఇప్పుడు తెలిసిందిగా.

సయాన్యూరిక్‌ను అడుగున నల్ల చుక్క ఉన్న గొట్టంతో కొలుస్తారు. మందు కలిపిన నీళ్లు తెల్లగా మసకబారుతాయి. వాటిని గొట్టంలో కొద్దికొద్దిగా పోస్తుంటే, చుక్క కనిపించకుండా పోయిన గీతే రీడింగు. ఈ గొట్టాలు మామూలుగా 100 దాకానే చూపిస్తాయి కాబట్టి పూల్ నీళ్లు సగం, కుళాయి నీళ్లు సగం కలిపి కొలిచి, వచ్చిన అంకెను రెట్టింపు చేయండి.

తగ్గించడానికి నమ్మకమైన దారి ఒక్కటే, నీళ్లు మార్చడం. 120 నుంచి 40కి రావాలంటే మూడింట రెండొంతులు మార్చాలి. ఒక్కసారే ఖాళీ చేయొద్దు. వానాకాలంలో భూగర్భ జలం పైకి వచ్చినప్పుడు ఖాళీ పూల్ కింది ఒత్తిడికి పగలొచ్చు, పైకి లేవనూవచ్చు. విడతలుగా తీసి నింపండి. తీసిన నీళ్లు మొక్కలకు పెట్టాలంటే క్లోరిన్ సున్నాకి దిగేదాకా ఆగండి.

ఆ తర్వాత నాచు పని పట్టాలి. పీహెచ్‌ను (నీళ్ల ఆమ్ల, క్షార గుణపు కొలత) 7.2కి దించి గోడలన్నీ బ్రష్‌తో రుద్దండి. పొద్దుగూకాక క్లోరిన్‌ను 16కి పెంచండి. 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ 77 గ్రాములు వేస్తే 1 పీపీఎం పెరుగుతుంది కాబట్టి 3 నుంచి 16కి ఒక కిలో పడుతుంది. బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీళ్లను పూల్ చుట్టూ పోయండి. పంపు ఆపకండి. రోజుకు రెండుమూడుసార్లు కొలుస్తూ, తగ్గినంత మళ్లీ వేస్తూ 16 దగ్గరే నిలపండి. రాత్రి కొలిచిన క్లోరిన్ తెల్లారేసరికి 1 పీపీఎంకి మించి తగ్గలేదంటే నాచు చచ్చినట్టే. ఇకపై రోజువారీకి ద్రవ క్లోరిన్ వాడండి. బిళ్లలు ఊరెళ్లినప్పుడు మాత్రమే.

ప్రశ్న: కొత్త పూల్‌ను బోరు నీళ్లతో నింపాం. తేటగా ఉన్నాయి. బ్లీచింగ్ వేయగానే టీ డికాక్షన్‌లా మారాయి. కొందరు మైలుతుత్తం వేయమంటున్నారు. – రాజమహేంద్రవరం

జవాబు: మీ బోరు నీళ్లలో ఇనుము ఉంది. కరిగి ఉన్నంతసేపు కంటికి కనబడదు. క్లోరిన్ తగలగానే తుప్పుగా మారి రంగు తేలుతుంది. మైలుతుత్తం అంటే రాగి. ఒక లోహం ఇబ్బంది పెడుతుంటే ఇంకోటి పోయడమెందుకు?

పీహెచ్ 7.2–7.6 మధ్య ఉంచి, కిలో నుంచి కిలోన్నర పటిక బకెట్ నీళ్లలో కరిగించి సమంగా చల్లండి. ఫిల్టర్‌లోకి పోకుండా వాల్వు తిప్పి అరగంట పంపు నడిపి ఆపేయండి. రాత్రంతా కదిలించొద్దు. పొద్దున అడుగున మెత్తటి మడ్డి పేరుకుంటుంది. దాన్ని వాక్యూమ్‌తో నెమ్మదిగా, నేరుగా బయటికి పంపాలి. తొందరపడితే మడ్డి లేచి మళ్లీ మొదటికొస్తుంది. పటిక క్షారతను (పీహెచ్ ఊగిపోకుండా పట్టి ఉంచే గుణం) కొంత తినేస్తుంది కాబట్టి తర్వాత కొలిచి, తగ్గితే వంటసోడా వేయండి: 840 గ్రాములకు 10 పీపీఎం.

గోడకు మరకలు పడితే విటమిన్ సి బిళ్లతో అరనిమిషం రుద్ది చూడండి. మరక వదిలితే అది ఇనుముదే.

ప్రశ్న: పీహెచ్ తగ్గించినా మూడు రోజుల్లో 8.2కి చేరుతోంది. టైల్స్ మీద తెల్లటి పొర కడుతోంది. క్షారత 280, కాల్షియం కాఠిన్యం 600. – శామీర్‌పేట

జవాబు: పొర మీద యాసిడ్ చుక్క వేయండి. బుసబుసమంటే కాల్షియం కార్బొనేటే. క్షారత 280 అంటే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ బాగా దాగి ఉందని అర్థం. అది గాల్లోకి పోతున్నకొద్దీ పీహెచ్ ఎగబాకుతుంది. ఓవర్‌ఫ్లో అంచు, ఫౌంటెన్ ఉంటే మరీ తొందరగా. అందుకే పీహెచ్‌తో కాకుండా క్షారతతో మొదలుపెట్టండి.

32 శాతం హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక లీటరు మీ క్షారతను (50,000 లీటర్లకు) 10 పీపీఎం తగ్గిస్తుంది. 280 నుంచి 80కి మొత్తం 20 లీటర్లు. అయితే ఒక్కసారే పోస్తే పీహెచ్ పాతాళానికి పోయి సిమెంటునూ హీటర్‌నూ తినేస్తుంది. మొదట మూడు లీటర్ల దాకా, పంపు నడుస్తుండగా రెండుమూడు దఫాలుగా పోసి, పీహెచ్ 7.2 దగ్గర ఆగండి. పూల్‌లోకి నీళ్లొచ్చే ఇన్‌లెట్లు పైకి తిప్పి నీటిని చిమ్మిస్తే పీహెచ్ పెరుగుతుంది, క్షారత పెరగదు. మళ్లీ యాసిడ్. క్షారత దిగేకొద్దీ ప్రతిసారీ తక్కువ చాలు. బాత్రూమ్ కడిగే పసుపు యాసిడ్ వద్దు, అందులో సాధారణంగా ఇనుము ఉంటుంది.

కాల్షియం 600 మాత్రం మందుతో తగ్గదు. కప్పు మీది వాన నీళ్లు వడగట్టి పూల్‌కి మళ్లించగలిగితే అంతకన్నా మేలైన మందు లేదు. అందాకా క్షారత 60–80, పీహెచ్ 7.2–7.4 ఉంచితే పొర ఆగుతుంది. బ్లీచింగ్ పౌడరు, కాల్షియం హైపో మీకు పనికిరావు, రెండూ కాల్షియాన్ని ఇంకా పెంచుతాయి. 10 శాతం సోడియం హైపోక్లోరైట్ అరలీటరుకు 1 పీపీఎం క్లోరిన్ వస్తుంది. మన ఎండలకు అది వారాల్లోనే బలం కోల్పోతుంది కాబట్టి డబ్బాల కొద్దీ కొని నిల్వ పెట్టుకోకండి.

ప్రశ్న: క్లోరిన్ వాసన ఘాటుగా ఉంది, పిల్లల కళ్లు మండుతున్నాయి. కొన్నాళ్లు ఆపేయాలా? – విజయవాడ

జవాబు: ఆపితే ఇంకా పెరుగుతుంది. ఆ వాసన చెమట, మూత్రం కలిసి ఏర్పడ్డ క్లోరమీన్లది. మీరు వాడే పసుపు చుక్కల పరీక్ష మొత్తం క్లోరిన్‌నే చూపిస్తుంది, పనికొచ్చేదెంతో చెప్పదు. రెండింటినీ విడిగా చూపే గులాబీ రంగు పరీక్ష, అంటే డీపీడీ కిట్ కొనండి. మొత్తం క్లోరిన్‌లోంచి స్వేచ్ఛా క్లోరిన్ (పనికొచ్చేది) తీసేస్తే వచ్చేది క్లోరమీన్. 0.4 దాటితే, దానికి పది రెట్ల క్లోరిన్ ఒకేసారి సాయంత్రం వేయండి. మళ్లీ మామూలు స్థాయికి దిగేదాకా ఎవరూ దిగకూడదు. డీపీడీ రంగు వచ్చి వెంటనే తెల్లబడితే క్లోరిన్ లేదనుకోకండి. బాగా ఎక్కువై రంగును చంపేసిందని అర్థం.

ప్రశ్న: యాసిడ్, క్లోరిన్ ఒకే గదిలో పెట్టొచ్చా? – కర్నూలు

జవాబు: వద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు వస్తుంది. టీసీసీఏ బిళ్లలు, కాల్షియం హైపో కూడా విడిగా ఉండాలి. తడి తగిలి ఒకదానితో ఒకటి కలిస్తే అంటుకుంటాయి, పేలతాయి. ఒకే గరిటెతో రెండింటినీ తీయకండి. కలిపేటప్పుడు ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పూల్‌లో యాసిడ్ పోశాక కనీసం గంట పంపు నడిచాకే క్లోరిన్ వేయండి.