తగ్గని దగ్గు, వదలని వెన్ను నొప్పి: ఇంగ్లండుకు కొత్తగా వచ్చినవారికి

మొదటి శీతాకాలంలో దగ్గు పట్టుకుంటే చలి వల్ల అనుకోవడం, వెన్ను నొప్పి వస్తే గోదాములో ఎత్తిన బరువుల వల్ల అనుకోవడం మన విద్యార్థులలో సాధారణం. చాలాసార్లు అది నిజమే. జలుబు తగ్గాక కూడా దగ్గు రెండు మూడు వారాలు ఉండవచ్చు. తెరలు తెరలుగా దగ్గడం వల్ల వీపు కండరాలు పట్టేస్తాయి, ఒక్కోసారి పక్కటెముక చిట్లుతుంది కూడా. అయితే దగ్గు మూడు వారాలు దాటితే జీపీని (మీరు పేరు నమోదు చేసుకున్న స్థానిక వైద్యుణ్ణి) కలవాలని ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది, ఆ గడువును మీరు దాటనివ్వకండి.

నేను ముఖ్యంగా హెచ్చరించేది క్షయ గురించి. వీసా కోసం తీయించుకున్న ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదన్న ధీమా సరికాదు, ఎందుకంటే అది ఆనాటి ఊపిరితిత్తులను మాత్రమే చూపుతుంది. ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్రిములు అందులో కనబడవు, అవి దేశం మారిన కొన్నేళ్లకు కూడా విజృంభించవచ్చు. చిన్ననాటి బీసీజీ టీకా పెద్దయ్యాక పూర్తి రక్షణ ఇవ్వదు. క్షయ వెన్నుపూసలకు సోకితే నొప్పి మెల్లగా మొదలై వారాల తరబడి ముదురుతుంది, పడుకున్నా వదలకపోవచ్చు. సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం తోడు కావచ్చు, కాకపోనూవచ్చు. దగ్గు గురించి ఒకసారి, నొప్పి గురించి ఇంకోసారి చెబితే ఈ సంబంధం వైద్యులకు తట్టకపోవచ్చు. రెండింటినీ కలిపి చెప్పండి. భారతదేశం నుంచి ఎప్పుడు వచ్చారో, ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందో అడగకపోయినా చెప్పండి.

సూట్‌కేసులో తెచ్చుకున్న యాంటీబయాటిక్ మాత్రలు దయచేసి వేసుకోకండి. లెవోఫ్లాక్సాసిన్, ఒఫ్లాక్సాసిన్ వంటివి క్షయను కొంతకాలం అణచి ఉంచి, రోగ నిర్ధారణను ఆలస్యం చేస్తాయి.

వీసాకు ఇబ్బంది అవుతుందనో, గదిలో ఉండేవారికి తెలుస్తుందనో జబ్బును దాచేవారిని చూస్తే నాకు చాలా బాధగా ఉంటుంది. ఇక్కడ క్షయ పరీక్షలు, చికిత్స ఏ వీసా మీద ఉన్నవారికైనా ఉచితం. మందులు సాధారణంగా 6 నెలలు వాడాలి, నలతగా లేదని మధ్యలో ఆపకూడదు.

కొన్నిటికి అపాయింట్‌మెంటు కోసం ఎదురుచూడకూడదు. సుదీర్ఘ విమాన ప్రయాణం తరువాత హఠాత్తుగా ఆయాసం వచ్చి, ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలోనో వీపులోనో పొడిచినట్టుంటే అది ఊపిరితిత్తిలో రక్తపు గడ్డ కావచ్చు. వెన్ను నొప్పితో కాళ్లు బలహీనపడినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం రాకపోయినా నరాలు నొక్కుకుపోతూ ఉండవచ్చు. ఇలాంటప్పుడు అత్యవసర నంబరు 999కు ఫోన్ చేయండి. దగ్గులో రక్తం పడితే అదే రోజు జీపీనో, ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111నో సంప్రదించండి.

మీ దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులకు పొడి దగ్గు వదలకపోతే వారి బీపీ మాత్రలు చూడండి. రామిప్రిల్, ఎనలాప్రిల్ వంటివి కొందరిలో దగ్గు తెస్తాయి, కానీ వాటిని సొంతంగా ఆపించకండి. పొగ తాగిన పెద్దవారి విషయంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ అనుమానం కూడా ఉంటుంది కనుక ఆలస్యం చేయకుండా చూపించండి. సందర్శక వీసా మీద వచ్చినవారికి కూడా జీపీ సంప్రదింపు ఉచితమే. వారికి ఇంగ్లిషు రాకపోతే అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగండి. అందుకు డబ్బు తీసుకోరు.