సగం ధరకే అంటే ఎంతకు?

పండగలు దగ్గర పడితే చాలు, ఒకే ప్రశ్న ఊరి పేరు మార్చుకుని వస్తుంది. ఈసారి ప్రొద్దుటూరు పాఠకుడొకరు స్క్రీన్‌షాట్‌తో సహా పంపారు కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

"విదేశీ సైట్‌లో నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ 55 శాతం తగ్గింపుతో 120 డాలర్లకే ఉన్నాయి. ఇక్కడ అదే మోడల్ 19,990 రూపాయలు. దాదాపు సగం ధర కదా సార్, ఆర్డర్ పెట్టేయనా?"

మీ ఊరి బంగారు అంగళ్లలో తరుగు ఎంత, మజూరీ ఎంత అని అడగకుండా ఎవరైనా గొలుసు కొంటారా? ఇక్కడ మాత్రం ఆ అడగడం మరిచిపోయారు. డాలరు 90 రూపాయలనుకుందాం. మీరు 10,800 దగ్గర ఆగిపోయారు. మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లోనే కింద, సన్న అక్షరాల్లో, షిప్పింగ్ 25 డాలర్లు అని ఉంది. అంటే 145 డాలర్లు, 13,050 రూపాయలు. విదేశీ చెల్లింపు మీద బ్యాంకు ఫారెక్స్ మార్కప్, అంటే డాలర్లను రూపాయల్లోకి మార్చినందుకు అదనపు రుసుము, వేస్తుంది. చాలా కార్డులకు అది 3.5 శాతం దాకా ఉంటుంది, దానిమీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. ఇదొక 539.

తర్వాత కస్టమ్స్. సుంకం వస్తువు ధర మీదే వేస్తారని చాలామంది అనుకుంటారు. కాదు, షిప్పింగ్, ఇన్సూరెన్స్ కలిపిన విలువ మీద వేస్తారు. ఆ సుంకాన్ని కూడా కలిపి, వచ్చిన మొత్తం మీద ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ. రేట్లు మారుతుంటాయి కాబట్టి కొనే రోజున చూసుకోవాల్సిందే. మన లెక్కకు రెండూ కలిపి 30 శాతం అనుకుంటే 3,915. కొరియర్ వాళ్లు క్లియరెన్స్ పేరుతో తీసుకునేది ఓ 700 వేసుకోండి. మొత్తం 18,204.

మిగిలేది 1,786 రూపాయలు. ఇక్కడి షాపులో ఏదో ఒక బ్యాంకు కార్డు మీద పది శాతం ఆఫర్ దొరికితే 17,991కే వస్తుంది, ఇండియా వారంటీతో. అక్కడ కొన్నదానికి చాలా కంపెనీలు ఇక్కడ వారంటీ ఇవ్వవు. ఒక చెవిలో సౌండ్ ఆగిపోతే బెంగళూరు సర్వీస్ సెంటర్ దాకా వెళ్లి, సీరియల్ నంబర్ చూసి "ఇది మాది కాదు సార్" అనిపించుకుని రావాలి. వెనక్కి పంపుదామంటే షిప్పింగ్ మీదే, కట్టిన సుంకం తిరిగి రాబట్టుకోవడం ఇంకో పెద్ద పని.

అసలు 55 శాతం తగ్గింపు దేనిమీద? మనకు ఎంఆర్‌పీ అంటే పన్నులన్నీ కలిపి, ప్యాకెట్ మీద అచ్చు వేయాల్సిన ధర. ఆ సైట్‌లో కొట్టేసి చూపించిన ధర అమ్మేవాడు తనకు తోచినట్టు రాసుకున్నది కావచ్చు. పక్కన తగ్గిపోతున్న గడియారం, "ఇంకా 2 మాత్రమే" అన్న ఎర్ర అక్షరాలు! పేజీ మళ్లీ తెరవండి, గడియారం మొదటి నుంచి మొదలవుతుంది. ఇలాంటి తొందరపెట్టే ఎత్తులను, చివరి పేజీలో చార్జీలు బయటపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులోనే డార్క్ ప్యాటర్న్‌ల, అంటే కొనేవాళ్లను బురిడీ కొట్టించే ఎత్తుల, జాబితాలో చేర్చింది. జాబితాలో మొత్తం 13 ఉన్నాయి. సైట్లు ఇంకా వాడుతూనే ఉన్నాయి, మనవాళ్లు టెన్షన్ పడి నొక్కుతూనే ఉన్నారు.

ఇక్కడ అసలు అమ్మని చిన్న వస్తువైతే తెప్పించుకోండి, తప్పులేదు. సుంకం కూడా ముందే కలిపి చూపించే సైట్ అయితే ఇంకా నయం. హెడ్‌ఫోన్స్‌కు ఇంత తిప్పలు అక్కర్లేదు.

గుంతకల్లు నుంచి వచ్చిన ప్రశ్న నన్ను ఎక్కువ భయపెట్టింది. "విదేశీ సైట్‌లో వాచ్ కొన్నాను. ఓటీపీ రాకుండానే డబ్బు కట్ అయింది. రెండు రోజులకు 'మీ పార్సెల్ కస్టమ్స్‌లో ఆగింది, 49 రూపాయలు కట్టండి' అని లింక్ వచ్చింది. కట్టొచ్చా?"

వద్దు. ఆ లింక్ ముట్టుకోకండి. వాళ్లకు మీ 49 రూపాయలతో పని లేదు. ఆ పేజీలో మీరు కొట్టే కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెల సీవీవీ కావాలి. మన దేశంలో అవి ఒక్కటే ఉన్నా పెద్దగా ఉపయోగం లేదు, ఓటీపీ అడ్డుపడుతుంది. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు. మీ వాచ్‌కు డబ్బు ఎలా కట్ అయిందో, రేపు ఎవడో ఇంకో దేశంలో కొన్న ఫోన్‌కు కూడా అలాగే కట్ అవుతుంది. మీరు నిద్రలో ఉంటారు.

ఈ మెసేజ్‌లు వేలమందికి గుడ్డిగా పంపుతారు. నిజంగా పార్సెల్ కోసం ఎదురుచూస్తున్నవాడికి మాత్రం అది నిజమనిపిస్తుంది. దానికి తోడు అసలు కొరియర్ కంపెనీలు కూడా కేవైసీ కోసం ఇలాంటి పొట్టి లింకులే పంపుతాయి. దొంగ మెసేజ్, దొర మెసేజ్ ఒకేలా ఉంటే జనం ఏం చేయాలి? ట్రాకింగ్ నంబరును కొరియర్ సైట్‌లో మీరే టైప్ చేసి చూసుకోండి. పోస్టులో వచ్చే పార్సెల్ అయితే సుంకాన్ని పార్సెల్ చేతికిచ్చేటప్పుడు రసీదుతో పోస్టల్ సిబ్బందే వసూలు చేస్తారు.

ఇప్పటికే వివరాలు కొట్టేసి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు కార్డు బ్లాక్ చేయండి. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మీ తప్పు గానీ బ్యాంకు తప్పు గానీ లేని మోసంలో, బ్యాంకు నుంచి ఆ లావాదేవీ సమాచారం వచ్చాక మూడు పని దినాల్లోపు బ్యాంకుకు చెబితే నష్టం మీమీద పడదని రిజర్వ్ బ్యాంక్ 2017లోనే చెప్పింది. మీ చేతులారా వివరాలు ఇచ్చి ఉంటే మాత్రం, ఫిర్యాదు చేసేదాకా పోయినదంతా మీదే. గంట ఆలస్యం కూడా డబ్బే.

2020 నుంచి కొత్త కార్డులకు అంతర్జాతీయ వాడకం ఆఫ్‌లోనే ఇస్తున్నారు. మంచి నియమం. దాన్ని బ్యాంకు యాప్‌లు చెడగొట్టాయి. పర్సనల్ లోన్ ప్రకటన మొదటి పేజీలోనే ఎగురుతుంటుంది. ఈ స్విచ్ కోసం మాత్రం కార్డులు, సేవలు, సెట్టింగ్స్ అంటూ నాలుగు గదులు దాటాలి. ఒకసారి ఆన్ చేసిన మనిషి ఆ దారి గుర్తుండక అలాగే వదిలేస్తాడు. గంట తర్వాత దానంతట అదే ఆఫ్ అయ్యేలా పెట్టడం ఏమంత కష్టం? పిన్ మార్చుకోమని నెలకోసారి నీతులు పంపే బదులు ఈ ఒక్క పని చేస్తే చాలు. అప్పటిదాకా మీరే ఆఫ్ చేసుకోండి. కార్డు మీద విదేశీ ఖర్చు పరిమితిని కూడా కొనే వస్తువు ధరకు సరిపడా పెట్టండి. "రూపాయల్లో కట్టండి" అని సైట్ అడిగితే డాలర్లలోనే కట్టండి. వాళ్ల మారకం రేటు సాధారణంగా బ్యాంకు రేటు కన్నా ఎక్కువ, పైగా కొన్ని బ్యాంకులు దానిమీద కూడా మార్కప్ వేస్తాయి.

కడప నుంచి ఒకరు: "పార్సెల్ మీద గిఫ్ట్ అని రాయిస్తే డ్యూటీ ఉండదట కదా?" ఐదు వేల లోపు కానుకలకు ఉన్న ఆ మినహాయింపు 2019 డిసెంబరులో పోయింది. రాఖీలకు, ప్రాణరక్షక మందులకు మాత్రం మినహాయింపు ఉంచారు. ధర తక్కువ చేసి రాయించడం లాంటివి చేయకండి, సరుకు జప్తు చేస్తారు.

ఆదోని నుంచి ఒకమ్మ: డల్లాస్‌లో ఉన్న తమ్ముడు వచ్చేటప్పుడు డిస్కౌంట్‌లో బ్లెండర్ తెస్తానన్నాడట, తెమ్మననా అని. అమ్మా, అక్కడ రాసి ఉన్న ధరకు టెక్సస్‌లో 8.25 శాతం దాకా సేల్స్ ట్యాక్స్ కౌంటర్ దగ్గర కలుస్తుంది. అది పెద్ద సంగతి కాదు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. బ్లెండర్ అడుగున 120వి అని మాత్రమే ఉంటే ఆదోనిలో ప్లగ్ పెట్టిన రోజే మోటారు కాలిపోతుంది. మోటారుకు సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ కొందామంటే దాని ధర, బరువు రెండూ బ్లెండర్‌కు తీసిపోవు. 100-240వి అని ఉంటే తెమ్మనండి. లేదంటే ఆ సూట్‌కేసులో చోటు ఇంకేదైనా వస్తువుకు వాడుకోమనండి.